ఏ రంగూ వెయ్యని స్లైడు

లోపలికి రాకూడదని ఆ లాబ్ తలుపు మీద తెలుగులోను, ఇంగ్లీషులోను, ఒరియాలోను రాసి ఉంది. గున్నమ్మకు మూడింట్లో ఏదీ చదవడం రాదు. సోమవారం పొద్దున్న పది గంటలకు రిపోర్టు కాగితం చేత్తో పట్టుకుని, ఆ తలుపు తోసుకుని తిన్నగా లోపలికి వచ్చేసింది.

శాంతి అప్పుడు కోతయంత్రం ముందు కూర్చుని ఉంది. రోగి ఒంట్లోంచి తీసి మైనపు దిమ్మలో బిగించిన కండముక్కను పొరలుగా కోయడం ఆమె పని. ఆ పొర ముందు ఉల్లిపొర గోనెపట్టా కింద లెక్క. కుడిచేత్తో చక్రం తిప్పుతూ, ఎడమచేతి కుంచెతో పొరను అందుకుని, గోరువెచ్చని నీళ్ళ మీద పరిచి, గాజుపలకతో కిందనించి ఎత్తుకోవాలి. గట్టిగా ఊపిరి వదిలితే పొర ఎగిరిపోతుంది. గున్నమ్మ కేకకు నాలుగు పొరలు ఒకేసారి తెగిపోయాయి.

"ఓలమ్మీ, మా ఊరోల మీద మీకు పగేటైనా ఉన్నాదా? ఉంటే సెప్పండి, ఎల్లిపోతాం."

"పిన్నీ, ఇక్కడికి రాకూడదు. డాక్టరమ్మ చూస్తే నన్ను తిడతారు."

"తిట్టనీ. నాకు జవాబు సెప్పు. కళింగపట్నం, ఆ పక్క పేటలు, అన్నీ కలిపి పదకొండుమంది ఆడోలం ఈ పరీచ్చకి ఒచ్చినాం. పదకొండుమందికీ 'ఉన్నాది' అని రాసినారు. ఒక్కర్తికైనా 'నేదు' అని రాయనేదేటి? ఊళ్ళో కోమటాయనకి నేదంట. ఆమదాలవలస మేస్టారికి నేదంట. ఓలకి కొత్త బిళ్ళలు ఇత్తన్నారు. మాకు మాత్రం అందరికీ ఉన్నాదా?"

ఆ రిపోర్టుల్లో రాసేది పీటెన్ అనే ప్రొటీను సంగతి. పెరగమని కబురొచ్చిన కణానికి అడ్డం నిలిచి, ఇక చాలు ఆగమనేది అదే. కొందరి కేన్సరులో ఆ ప్రొటీను మాయమైపోతుంది. ఆపే దిక్కులేక కణాలు పెరుగుతూనే ఉంటాయి. అలా మాయమైన వాళ్ళ కోసమే విశాఖపట్నంలో ఒక పెద్దాసుపత్రి వారు కొత్త మాత్రను పరీక్షిస్తున్నారు. ప్రొటీను ఉన్నవాళ్ళకు ఆ మాత్ర పనిచెయ్యదు కాబట్టి వాళ్ళను చేర్చుకోరు. పేర్లు పంపడానికి ఈ శుక్రవారం సాయంత్రం అయిదింటితో సరి.

గున్నమ్మకు అంగిట్లో కేన్సరు పుండు. ఒకసారి కోసి తీసినా మళ్ళీ వచ్చింది. ఆ మాత్ర దొరకడమా, దొరక్కపోవడమా అన్నది ఆమెకు మాటవరస విషయం కాదు.

"మాతో ఒచ్చిన కూర్మమ్మైతే కాయితం సింపీసి పొయ్యిలో ఎట్టీసినాది. ఇంక ఆసుపత్రి గుమ్మం తొక్కనని ఒట్టేసుకున్నాది. నాను అలగ ఊరుకోను" అంది గున్నమ్మ.

శాంతి ఆమెను భుజం పట్టుకుని మెల్లిగా సైకిల్ షెడ్డు దగ్గరకు తీసుకెళ్ళింది. అక్కడికి వెళ్ళగానే గున్నమ్మ రొంటినుంచి చుట్ట తీసి వెలిగించింది. రెండు పీల్పులు పీల్చి, చుట్టను తిప్పి, మండుతున్న కొస నోట్లోపల పెట్టుకుని పెదాలు మూసేసింది. తీరం వెంబడి ఆడవాళ్ళు అడ్డపొగ తాగడం శాంతికి పుట్టి బుద్ధెరిగినప్పటినించి చూస్తున్న సంగతే. గాలికి నిప్పు ఆరదు, నుసి చీర మీద పడదు, చేతులు పనికి ఖాళీగా ఉంటాయి.

"మానెయ్యమన్నారు కదా?"

"మానీసినాను. ఇదే ఆఖర్ది."

"మొన్న వచ్చినప్పుడు కూడా ఆఖర్దే అన్నావట."

"అది మొన్నటికి ఆఖర్ది" అని గున్నమ్మ నవ్వింది. నవ్వినప్పుడు నోరు తెరుచుకుంది. శాంతి వంగి చూసింది. పుండు చుట్టూ అంగిలి అంగిలంతా ముదురు గోధుమరంగు. నలభై ఏళ్ళ నిప్పుసెగకు చర్మం కమిలి లోపల్లోపల తనే రంగు పుట్టించుకుని, ఆ రంగుతోనే ఉండిపోయింది.

పీటెన్ ఉందో లేదో వాళ్ళు చూసేది రంగును బట్టే. మందుచుక్క వేస్తే, ప్రొటీను ఉన్నచోట గోధుమరంగు తేలుతుంది. గోధుమరంగు కనిపిస్తే 'ఉంది'. కనిపించకపోతే 'లేదు'.

మరి మందుచుక్క వెయ్యకముందే గోధుమరంగులో ఉన్న కండ సంగతి ఏమిటి?

"పిన్నీ, నువ్వు ఇంటికెళ్ళు. శుక్రవారంలోగా నేనే వచ్చి చెప్తాను" అంది. పరుగెత్తాలనిపించింది, పరుగెత్తింది కూడా. వరండాలో ఇద్దరు నర్సులు పక్కకు తప్పుకున్నారు.

* * *

"నీకు దణ్ణం పెడతాను, ఇలాటివి పెట్టుకోకు" అన్నాడు బెన్హర్. అతను సీనియర్ టెక్నీషియన్. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకుంటే నాలుగు వీధులు వినిపిస్తుంది గాని, లాబ్ పెద్ద డాక్టర్ యమున ముందు మాత్రం గొంతు పెగలదు.

"ఒక్క వట్టి స్లైడు చేస్తాను అన్నా. ఒక్కటే."

వట్టి స్లైడు అంటే అసలు మందు తప్ప మిగతావన్నీ వేసి చేసేది. అసలు మందు లేదు కాబట్టి దాని మీద గోధుమరంగు రాకూడదు. వచ్చిందంటే ఆ రంగు ప్రొటీనుది కాదని అర్థం. రూలు ప్రకారం ప్రతి మనిషి కండముక్కకూ ఒకటి చెయ్యాలి. మందుల కిట్టు తొందరగా అయిపోతోందని రెండేళ్ళుగా ఆ లాబ్‌లో రోజు మొత్తానికి ఒక్కటే చేస్తున్నారు. అదీ ఎవరిదో టాన్సిల్ ముక్క మీద. ఆ టాన్సిల్‌కు పాపం చుట్ట అంటే ఏమిటో తెలియదు.

"మేడమ్ అడిగితే నాను సూడనేదంటాను" అన్నాడు బెన్హర్.

"అలాగే అను."

మధ్యాహ్నం మిగిలిన స్లైడులతో పాటే గున్నమ్మ వట్టి స్లైడు కూడా పెట్టింది. మైనం కరిగించింది. కడిగింది. వేడినీళ్ళలో ఉంచింది. అందరి స్లైడుల మీదా మందు వేస్తూ ఆ ఒక్కదాని మీద మాత్రం ఉప్పునీటి చుక్క వేసింది. నాలుగున్నరకు మైక్రోస్కోపు కింద పెట్టి, కళ్ళు ఆనించి, చక్రం తిప్పింది.

గోధుమరంగు. కణాల మధ్యన, కణాల లోపల, ఎక్కడపడితే అక్కడ.

"అన్నా!" అని ఆమె పెట్టిన కేకకు బెన్హర్ చేతిలో బీకరు జారబోయింది. వచ్చి చూశాడు. చాలాసేపు చూశాడు. "ఓరి నాయనో" అన్నాడు చివరికి. "మందెయ్యనేదు గదా? ఒట్టు?"

"ఒట్టు."

ఆ సాయంత్రం బస్సులో శాంతికి సీటు దొరికినా కూర్చోలేకపోయింది. పట్టుకమ్మి పట్టుకుని నిలబడి, తనలో తాను నవ్వుకుంటూ, రెండు స్టాపులు ముందే దిగిపోయి ఇంటిదాకా నడిచింది.

* * *

మంగళవారం పొద్దున్నే ఆ స్లైడును డాక్టర్ యమున బల్ల మీద పెట్టింది. యమున కళ్ళజోడు తలమీదినించి కిందికి లాక్కుని, ఒక నిమిషం చూసి, స్లైడును వెనక్కి తోసేసింది.

"సరిగ్గా కడగలేదు. కడగకపోతే రంగు ఇలాగే అంటుకుపోతుంది."

"కడిగాను మేడమ్. మూడుసార్లు, అయిదేసి నిమిషాలు."

"అయితే వేడినీళ్ళలో ఎండిపోయి ఉంటుంది. అసలు నిన్నెవరు చెయ్యమన్నారు?"

"అడ్డపొగ తాగే వాళ్ళ అంగిలి మామూలుగానే ఆ రంగులో ఉంటుంది మేడమ్. అందుకని..."

"శాంతీ, స్లైడు చెయ్యడం నీ పని. చదవడం నా పని." గొంతు పెద్దది చెయ్యలేదు. అది ఇంకా బాధగా ఉంది. "పదకొండు రిపోర్టుల మీదా నా సంతకం ఉంది. నీ చెయ్యి స్లైడును సరిగా కడగనందుకు నేను వాటిని వెనక్కి తీసుకోవాలా?"

శాంతి స్లైడు తీసుకుని బయటికి వచ్చింది. అయిదేళ్ళలో ఆమె చేతిని ఎవరూ తప్పుపట్టలేదు. కోతలో గీత పడితే, పొరలో బుడగ చేరితే ఇంకెవరైనా సర్దుకుపోతారు గాని, ఆమె మళ్ళీ కోస్తుంది. కళ్ళు మండాయి. బాత్రూములోకి పోయి మొహం కడుక్కుని, అద్దంలో తన మొహమే చూసుకుంటూ, కడగలేదన్నారు, కడగలేదన్నారు అని నాలుగుసార్లు అనుకుంది. అయిదోసారి అనబోయి ఆగిపోయింది.

కడగడమనేదే లేని స్లైడు చేస్తే?

ఆ రోజంతా పనితో ఊపిరి సలపలేదు. బుధవారం అందరికంటే ముందు వచ్చి గున్నమ్మ దిమ్మను యంత్రంలో బిగించింది. ఒక పొర కోసింది. మైనం కరిగించింది. అంతే. మందు లేదు, కణాలు కనపడేందుకు వేసే నీలం లేదు, కిట్టు లేదు, కడగడం లేదు. కండ ఎలా ఉందో అలాగే గాజుపలక మీద ఉంది. మామూలుగా అలాంటి స్లైడును మైక్రోస్కోపు కింద పెడితే నీళ్ళు చూసినట్టే ఉంటుంది, ఏమీ కనపడదు.

ఇందులో కనపడింది. తెల్లటి వెలుగులో గోధుమరంగు చుక్కలు గుంపులు గుంపులుగా ఉన్నాయి.

ఆమె కేక వెయ్యలేదు ఈసారి. స్లైడు పట్టుకుని యమున గదిలోకి వెళ్ళి, తెల్లకాగితం పరిచి, దాని మీద పెట్టింది.

"దీనికి ఏ రంగూ వెయ్యలేదు మేడమ్. ఏదీ కడగలేదు. దిమ్మ బల్లమీదే ఉంది, కావాలంటే మీరే ఇంకొక పొర కోసి చూడండి."

యమున ఆమె మొహంలోకి చూసింది. లేచింది. నిజంగానే వచ్చి యంత్రం ముందు కూర్చుంది. ఆ కుర్చీలో కూర్చుని పన్నెండేళ్ళయి ఉంటుంది. మొదటి రెండు పొరలు చిరిగిపోయాయి. మూడోది నిలిచింది. తనే మైనం కరిగించి, తనే తీసుకెళ్ళి మైక్రోస్కోపు కింద పెట్టింది. శాంతి తలుపు దగ్గర నిలబడింది. బెన్హర్ శాంతి వెనకాల, కనపడకుండా నిలబడ్డాడు.

యమున పలకను ఒక చివరినించి రెండో చివరిదాకా జరిపి చూసింది.

"పదకొండు మంది" అంది యమున. కళ్ళు మైక్రోస్కోపు మీదినించి తియ్యలేదు. "బెన్హర్, లోపలి ఫ్రిజ్‌లో ఎర్రరంగు కిట్టు ఉందా?"

"ఉందండి. సీలు తియ్యనేదండి" అన్నాడు బెన్హర్. ఆ గొంతు యమున ముందు అంత గట్టిగా పలకడం అదే మొదటిసారి.

"తియ్యండి. పదకొండు దిమ్మలూ బయట పెట్టండి." అప్పుడు తలెత్తి శాంతిని చూసింది. "నిన్న నేను నీ చేతిని అన్నాను. తప్పు నా కంటిది."

శాంతికి మొహం నిండా నవ్వు వచ్చేసింది. ఆ నవ్వు దాచుకోవడానికి గబగబా దిమ్మల బీరువా దగ్గరకు పోయింది.

* * *

ఎర్రరంగు కిట్టుతో చేస్తే పీటెన్ ఉన్నచోట ఎరుపు వస్తుంది. పొగ పుట్టించిన గోధుమరంగు గోధుమరంగుగానే ఉంటుంది. రెంటికీ ఇక పొరపాటు లేదు. మంచి కణాల్లోను, రక్తనాళాల గోడల్లోను ఎలాగూ ఆ ప్రొటీను ఉంటుంది కనక అక్కడ ఎరుపు వస్తే మందు పనిచేసినట్టే.

గురువారం పొద్దున్న ఏడింటికే ముగ్గురూ వచ్చేశారు. ఒక్కో మనిషికి రెండు స్లైడులు, ఒకటి మందుతో, ఒకటి వట్టిది. రూలు ప్రకారం. శాంతి కోస్తుంటే బెన్హర్ పెన్సిలుతో పేర్లు రాశాడు. యమున కొంగు నడుముకు దోపుకుని, గడియారం చూసుకుంటూ కడిగింది. క్యారేజీలు తెరవలేదు. మధ్యలో కరెంటు పోయింది. జనరేటర్ అందుకునేదాకా వేడినీళ్ళు చల్లారిపోతాయేమోనని బెన్హర్ ఆ గిన్నెకు తువ్వాలు చుట్టి కౌగిలించుకుని కూర్చున్నాడు.

మూడు గంటలకు చదవడానికి కూర్చున్నారు. ఆ మైక్రోస్కోపుకు ఇద్దరు ఒకేసారి చూడడానికి రెండు జతల చూపుగొట్టాలు ఉంటాయి. ఎదురుగా ఉన్న రెండో జత ముందు స్టూలు లాగి, "కూర్చో" అంది యమున.

మొదటి స్లైడు పెట్టింది. రక్తనాళాల గోడలు ఎర్రగా ఉన్నాయి. పొగ మరక గోధుమరంగులో ఉంది. కేన్సరు కణాలు నీలంగా, ఎరుపన్నది లేకుండా, గుంపులుగా ఉన్నాయి.

"లేదు" అంది యమున.

"లేదు!" అంది శాంతి. ఒక మనిషికి ఉండాల్సింది లేదని తెలిసి అంత సంతోషించడం ఏమిటో తనకే సిగ్గేసింది, అయినా సంతోషం ఆగలేదు.

రెండోదానిలో ఎరుపు ఉంది. మూడోది లేదు. నాలుగు కూర్మమ్మది. రెండు వైపులనుంచీ రెండు జతల కళ్ళు ఆ పలక మీద నాలుగు మూలలూ వెతికాయి. లేదు. అయిదు, ఆరింటిలో ఉంది. ఏడు లేదు. 'లేదు' అన్నప్పుడల్లా బెన్హర్ గోడమీది కేలండరు వెనక పెన్సిలుతో గీత గీస్తున్నాడు. పది పూర్తయ్యేసరికి ఆరు గీతలు పడ్డాయి. ఆరుగురు. ఆరుగురికి ఆ మాత్ర పనిచేసే అవకాశం ఉంది, శుక్రవారం దాటితే పోయేది.

పదకొండోది గున్నమ్మది. శాంతి దాన్ని చివర పెట్టింది, కావాలనే.

యమున చక్రం తిప్పింది. ఎరుపు. రక్తనాళాల్లో ఎరుపు. గోధుమరంగు మరకల మధ్య ఎరుపు. కేన్సరు కణాల్లో కూడా, ఒక్కటి విడవకుండా ఎరుపు.

శాంతి కళ్ళు తియ్యలేదు. "ఇంకో మూల చూద్దాం మేడమ్."

యమున ఇంకో మూల చూపించింది. ఇంకోటి చూపించింది. చక్రం మెల్లిగా తిప్పుతూ పలక అంతా చూపించింది. వట్టి స్లైడు కూడా పెట్టింది. దానిలో ఎరుపు లేదు. పొరపాటుకు ఎక్కడా చోటు లేదు.

"ఈమెకు నిజంగానే ఉంది, శాంతీ."

ఆ మాట అన్నాక యమున తన పెన్ను తీసి పదకొండు రిపోర్టులూ కొత్తగా రాయడం మొదలుపెట్టింది. ప్రతి దాని కింద, మొదటి రిపోర్టు తన పొరపాటు అని తన చేత్తోనే రాసి సంతకం పెట్టింది. అయిదుగురికి ఫోన్లు కలిశాయి, రేపు పొద్దున్నే వస్తామన్నారు. కూర్మమ్మకు ఫోను లేదు.

"రేపు ఆసుపత్రి జీపు తీసుకుని నువ్వు వెళ్ళు" అంది యమున. "కూర్మమ్మ వచ్చి ఇక్కడ వేలిముద్ర వెయ్యాలి. అయిదింటిలోగా."

* * *

శుక్రవారం జీపు కళింగపట్నం చేరేసరికి ఎనిమిదయింది. ఇసుకలో పరిచిన వలల మీద నెత్తళ్ళ చేపలు తెల్లగా ఎండుతున్నాయి. గున్నమ్మ వంగి ఒక్కో వరసా తిరగేస్తోంది. జీపు చూడగానే నడుం ఎత్తి, చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని, "ఒచ్చినావా! ఏటైనాది?" అని అక్కడినుంచే అరిచింది.

శాంతి దారంతా మాటలు కూర్చుకుంది. దగ్గరికి వెళ్ళాక ఒక్కటీ గుర్తు రాలేదు.

"నువ్వన్నదే నిజం పిన్నీ. మేమే తప్పు రాశాం. మీ పొగ రంగు చూసి మందు రంగు అనుకున్నాం. పదకొండుమందిలో ఆరుగురికి లేదు. బిళ్ళలు వస్తాయి."

గున్నమ్మ రెండు చేతులూ చరిచింది. "సెప్పినానా నేదా! సెప్పినానా! నాను తలుపు తోసుకుని రాకపోతే మీరు ఈ జన్మకి సూసీవోరా?" అని నవ్వింది. శాంతి కూడా నవ్వబోయింది. గున్నమ్మ ఆ మొహం చూసి నవ్వు ఆపింది.

"నాది?"

"నీది ఉంది పిన్నీ. నిజంగానే ఉంది. నేను నాలుగు మూలలూ చూశాను."

గున్నమ్మ మళ్ళీ వంగింది. ఒక వరస నెత్తళ్ళు చివరిదాకా తిరగేసింది. శాంతి కూడా వంగి పక్క వరస తిరగెయ్యడం మొదలుపెట్టింది, చేతులు ఊరికే ఉంచుకోలేక.

"మరి నాకేటి సేత్తారు?"

"కరెంటు పెడతారు, అదే రేడియేషను. మామూలు మందులున్నాయి. డాక్టరమ్మ విశాఖపట్నానికి ఉత్తరం రాసిచ్చారు."

"అది పోయినసారీ పెట్టినారు" అంది గున్నమ్మ. చేతులకంటిన పొలుసులు చీరకు తుడుచుకుంది. కళ్ళలో నీళ్ళు ఉన్నాయేమోనని శాంతి చూసింది. అవి సముద్రం వైపు తిరిగి ఉన్నాయి, తెలియలేదు.

"ఆ ఆరుగురిలో కూర్మమ్మ ఉన్నాదా?"

"ఉంది. ఈ సాయంత్రంలోగా తీసుకెళ్ళాలి. వస్తుందంటావా?"

"నివ్వు పిలిస్తే రాదు. దేవుడు పిలిచినా రాదు. మొండిది." గున్నమ్మ జుట్టు ముడేసుకుని నడక అందుకుంది. నాలుగడుగులు వేసి ఆగి, శాంతి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి ఉప్పుకు గరుకుగా ఉంది. "ఇదుగో అమ్మీ. నాకు బిళ్ళలు ఇవ్వరని దానికి సెప్పకు. నాకూ ఇత్తన్నారని సెప్పు. గున్నమ్మకి నేని బిళ్ళలు నాకెందుకని కూకుంటాది. దాని సంగతి నాకు తెలుసు."

"అబద్ధం ఎలా చెప్పను పిన్నీ?"

"నోటితో."

కూర్మమ్మ గుమ్మంలో కూర్చుని చేటతో బియ్యం చెరుగుతోంది. ఎముకల గూడులా ఉన్నా చేట మాత్రం జోరుగా ఆడుతోంది. జీపు చూసి మొహం పక్కకు తిప్పుకుంది.

"ఒలే కూర్మీ, లెగు" అంది గున్నమ్మ. "ఓలు తప్పు రాసినారంట. ఒప్పుకున్నారు. బిళ్ళలు వొచ్చినాయి."

"నాకేటీ ఒద్దు. ఒకపాలి అయిపోనాది."

"డాట్రమ్మ కాయితం మీద తప్పు నాదని రాసిచ్చినాదే! ఎప్పుడైనా సూసినావా అలగ? లెగవే. నాకూ నీకూ ఇద్దరికీ ఇత్తన్నారు."

చేట ఆగింది. కూర్మమ్మ గున్నమ్మను చూడలేదు. తెల్లకోటు వేసుకున్న శాంతిని చూసింది.

"నిజవేనా అమ్మీ? దీనికీ ఇత్తన్నారా?"

ఉన్నది ఉన్నట్టు చూపించడానికి నాలుగు రోజులు ఒంటికాలి మీద నిలబడింది శాంతి. ఎవరు ఏమన్నా ఒక్క రంగు దగ్గర కూడా అబద్ధం ఒప్పుకోలేదు. గున్నమ్మ గుమ్మం పక్కన నిలబడి, ఏమీ పట్టనట్టు, చెంగుతో మెడ తుడుచుకుంటోంది.

"ఇస్తున్నారమ్మా" అంది శాంతి. "ఇద్దరికీ."

కూర్మమ్మ చేట పక్కన పెట్టి, గోడ పట్టుకుని లేచి, మంచి చీర కట్టుకొస్తానని లోపలికి వెళ్ళింది. పెట్టె మూత తీసిన చప్పుడయింది. గున్నమ్మ శాంతి వైపు తిరిగి, బాగా చెప్పావన్నట్టు తలాడించింది. కూర్మమ్మ బయటికి వచ్చేసరికి ఆమె అప్పటికే జీపెక్కి, శాంతి ఇచ్చిన డాక్టరమ్మ ఉత్తరాన్ని మడత నలక్కుండా ఒళ్ళో పెట్టుకుని, పక్కన చోటు చేసి కూర్చుని ఉంది.